విశాఖను కాలినడకన చూడాలంటే: హార్బర్ నుంచి బీచ్ దాకా ఒక రోజు

"వైజాగ్ వస్తున్నాం, కారు మాట్లాడుకోవాలా, నడిచి చూడొచ్చా?" సెలవులు దగ్గరపడితే చాలు, ఇదే ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నడిచి చూడొచ్చు. నిజానికి పాత ఊరిని నడిస్తేనే చూడగలరు, ఆ సందుల్లో కారు తిరగదు. అయితే వరస తెలియాలి.

ఎక్కువమంది ఏం చేస్తారంటే, పొద్దున్న రైలు దిగి, గదిలో సామాను పెట్టి, స్నానం టిఫిను కానిచ్చి పదకొండింటికి ఆర్కే బీచ్‌కి వస్తారు. నెత్తిన ఎండ, కాళ్ళ కింద కాలే ఇసుక. గంటలో అలసిపోయి గదికి వెళ్ళి పడుకుంటారు. సాయంత్రం మళ్ళీ అదే బీచ్‌కి వచ్చి మురీ మిక్చర్ తిని వెళ్ళిపోతారు. తర్వాత "వైజాగ్‌లో బీచ్ తప్ప ఏముందండీ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందుకే ఈ వరస రాస్తున్నాను: తెల్లవారగానే హార్బరు, పొద్దున పాత ఊరు, మధ్యాహ్నం నీడ, సాయంత్రం బీచ్. మొత్తం మీద ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల నడక, మధ్యలో ఒకటి రెండుసార్లు ఆటో.

కావలసినవి

- బాగా అలవాటైన చెప్పులు లేదా బూట్లు. కొత్తవి వద్దే వద్దు. గుడికి, దర్గాకి, ఇసుకలోకి విప్పాలి కాబట్టి సులువుగా విప్పి తొడుక్కునేవి మంచివి. హార్బర్‌లో నేల జారుతుంది, అడుగున గాట్లు అరిగిపోయిన చెప్పులతో అక్కడికి వెళ్ళకండి.
- మనిషికి లీటరు నీళ్ళ సీసా. ఖాళీ అయినప్పుడల్లా నింపుకోవాలి.
- టోపీ లేదా గొడుగు, ఒక పలచటి తువ్వాలు. దర్గాలో తల కప్పుకోవడానికీ అదే పనికొస్తుంది.
- చిల్లర. ఫోన్‌తో చెల్లించడం దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది కానీ షేర్ ఆటోకీ, కొబ్బరి బొండాల బండి దగ్గరా పది ఇరవై నోట్లు ఉంటే పని తొందరగా అవుతుంది.
- ఫోనుకి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. సముద్రపు తడి, ఉప్పు, ఇసుక మూడూ దానికి శత్రువులే.

కెమెరా తెచ్చుకోవచ్చు. కానీ ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. డాక్‌యార్డు, పోర్టు గేట్లు, నేవీ బోర్డులున్న గోడల దగ్గర ఫోటోలు తీయకండి. డ్రోన్ అయితే ఇంట్లోనే వదిలేసి రండి.

1. మొదట, ఏ రోజు రావాలో ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా నడవొచ్చు. మార్చి నుంచి ఉక్క మొదలవుతుంది. ఇక్కడి ఎండ హైదరాబాద్ ఎండలా ఉండదు. థర్మామీటర్‌లో అంకె తక్కువే కనిపిస్తుంది కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. "ముప్ఫై నాలుగేగా" అని బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నానికి నీరసపడిపోతారు.

అక్టోబరు, నవంబరులో వచ్చేవాళ్ళు తుపాను వార్తలు చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఎలా ఊడ్చేసిందో ఇక్కడివాళ్ళెవరూ మరచిపోలేదు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్త వస్తే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా బీచ్ నడక మానుకోండి.

ఇంకో రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో హార్బర్‌లో పడవలన్నీ కట్టేసి ఉంటాయి, వేలం సందడి ఉండదు. అప్పుడొస్తే రెండో అంచెని వదిలేసి నేరుగా మూడో అంచెకి వెళ్ళండి.

వారంలో సోమవారం వద్దు, సబ్‌మెరైన్ మ్యూజియానికి ఆ రోజు సెలవు. గురువారం, అందులోనూ మార్గశిర మాసంలో, కనకమహాలక్ష్మి గుడి దగ్గర కాలు పెట్టే చోటుండదు. దర్శనమే ముఖ్యమనుకుంటే ఆ రోజే రండి, ఊరు చూడటానికైతే ఇంకో రోజు మంచిది.

2. తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో ఉండండి

జూన్ మొదట్లో ఇక్కడ ఐదుంబావు దాటగానే సూర్యోదయం, జనవరిలో ఆరున్నర. దానికి పావుగంట ముందు ఆటోలో దిగితే సరిగ్గా సరిపోతుంది. గదిలోంచి బయల్దేరే ముందే మరుగుదొడ్డి పని చూసుకోండి. పాత ఊరిలో ఆ సదుపాయం వెతుక్కోవడం, ముఖ్యంగా ఆడవాళ్ళకి, కష్టం. మళ్ళీ టిఫిన్ చేసే హోటల్లోనే వీలవుతుంది.

హార్బర్‌లో మొదట వాసన కొడుతుంది. ఐదు నిమిషాలు ఓర్చుకోండి, ముక్కు అలవాటు పడిపోతుంది. పడవలోంచి గంపలు దిగుతుంటాయి. ఒకామె గంపని నేల మీద బోర్లిస్తుంది, వెండి కుప్పలా కానగంతలు జారతాయి. ఆమె రెండు చేతులతో వాటిని పరిచి, పెద్దవి పైకి కనిపించేలా తిప్పి, గుప్పెడు ఐసు చల్లేలోపే వేలం పాట మొదలవుతుంది. పాడే మనిషి గొంతులో అంకెలు ఎంత వేగంగా పరుగెడతాయంటే, తెలుగువాళ్ళమైన మనకే రెండో కుప్పకి గానీ అర్థం కావు. కొనేవాళ్ళు నోరు తెరవరు. తల చిన్నగా ఊపుతారు, అంతే. అర నిమిషంలో కుప్ప చేతులు మారిపోతుంది. కోనాం, చందువ, రొయ్యలు, పీతలు దేనికి దానికి వేరే గుంపు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, దారిలో నిలబడటం. ఐసు పెట్టెలు, గంపలు మోసుకొచ్చేవాళ్ళు ఆగలేరు, బరువు అలాంటిది. "తప్పుకో తప్పుకో" అని వినబడితే వెనక్కి చూడకుండా పక్కకి జరగండి. రెండు, అడగకుండా మొహాలకి దగ్గరగా ఫోన్ పెట్టడం. వాళ్ళు రాత్రంతా కష్టపడి వచ్చి సంపాదన లెక్క చూసుకునే సమయం అది. "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా" అంటే చాలామంది నవ్వుతూ సరేనంటారు. వద్దంటే ఊరుకోండి.

హార్బర్ దాకా వెళ్ళలేకపోతే, పెదజాలారిపేట ఒడ్డుకి వెళ్ళండి. చిన్న ఫైబరు పడవలు నేరుగా ఇసుక మీదికి వస్తాయి. సందడి తక్కువ, చూడటం సులువు. పిల్లలుంటే నేను అక్కడికే వెళ్ళమంటాను.

3. ఏడింటికల్లా వన్ టౌన్‌లోకి, అంటే పాత ఊరిలోకి నడవండి

హార్బర్ నుంచి పాత పోస్టాఫీసు వైపు నడవండి. దారి అడిగేటప్పుడు రోడ్ల పేర్లు చెప్పకండి, అవి ఎవరికీ తెలియవు. గుడి పేరో, మార్కెట్ పేరో, జంక్షన్ పేరో చెప్పండి. బెజవాడలో సెంటర్ అన్నట్టు, హైదరాబాద్‌లో చౌరస్తా అన్నట్టు, ఇక్కడ అన్నీ జంక్షన్లే. ఇంకో మాట కూడా వింటారు: "ఏవీఎన్ కాలేజీ డౌన్", "కలెక్టరాఫీసు డౌన్". డౌన్ అంటే మెరక దిగే చోటు. ఆ మాట వినగానే అటు వెళ్ళాలంటే దిగాలి, తిరిగి రావాలంటే ఎక్కాలి అని లెక్క వేసుకోండి. ఫోన్ మ్యాపులో "పది నిమిషాలు" అని ఉంటే ఈ ఊరి ఎత్తుపల్లాల్లో పదిహేను పడుతుంది.

ముందు బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్ళండి. ఇక్కడ అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎండా వానా ఆమె మీదే పడతాయి. భక్తులు తమ చేతులతో తామే పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకుంటారు. పెద్దపెద్ద గుళ్ళలో తాళ్ళ అవతల నుంచి చూసి కదిలిపోవడం అలవాటైన మా అత్తయ్య, ఇక్కడ అమ్మవారి పాదాలు తాకి కాసేపు మాట్లాడలేకపోయింది.

అక్కడి నుంచి కురుపాం మార్కెట్ దగ్గరే. విక్టోరియా రాణి విగ్రహం ఉంది, ఊళ్ళో దాన్ని రాణీ బొమ్మ అంటారు. చుట్టూ బంగారు కొట్లు, పూజా సామాను, పాత మేడలు. ఇక్కడ ఒక పని చేయండి: తల పైకెత్తి నడవండి. కింది అంతస్తులో కొత్త బోర్డులున్నా, పై అంతస్తులో పాత చెక్క కిటికీలు, సున్నపు పూల అల్లికలు, ఇనుప కమ్మీల వసారాలు ఇంకా కొన్నింటికి మిగిలే ఉన్నాయి. ఏటా కొన్ని పడగొట్టేస్తున్నారు కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

సెయింట్ అలోషియస్ బడి కూడా ఈ పాత ఊరిలోదే. సర్ సి.వి. రామన్ చిన్నప్పుడు అక్కడే చదువుకున్నారు. వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. సముద్రం ఎందుకు నీలంగా ఉంటుందో ప్రపంచానికి వివరించిన మనిషి, ఈ సముద్రం పక్కనే పెరిగాడన్న సంగతి పిల్లలకి ఆ గోడ దగ్గరే చెప్పండి.

4. ఎండ ముదిరేలోపు ఒక్క కొండ ఎక్కండి

పోర్టు కాలువ పక్కన మూడు చిన్న కొండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద మరియమ్మ చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు, 1864లో రాస్ అనే దొర ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. మూడూ ఎక్కాలని పట్టుబట్టకండి. మోకాళ్ళు గట్టిగా ఉంటే రెండు, లేకపోతే ఒకటి. ఒకటే అయితే నేను రాస్ హిల్ అంటాను.

పైకెళ్ళాక పోర్టు కాలువ వైపు నిలబడండి. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద కొండ యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోస్. ఆ కొండ చాటునే 1933లో ఇక్కడ పోర్టు ప్రారంభమైంది. తుపాను గాలిని ఆ కొండ అడ్డుకుంటుంది కాబట్టే లోపల ఓడలు నిశ్చింతగా ఉంటాయి. మీకు అదృష్టం ఉంటే, మీరు నిలబడ్డ చోటికి కిందుగా ఒక ఓడ కాలువలోకి వస్తుంది. చిన్న టగ్గు పడవలు దాన్ని లాక్కొస్తుంటాయి. ఇళ్ళ కప్పుల వెనక ఏడంతస్తుల మేడ కదిలి వెళ్తున్నట్టు ఉంటుంది.

ఇక్కడ మీ నడక సరిగ్గా సాగుతోందో లేదో చూసుకోండి. టైము తొమ్మిదిన్నర దాటకూడదు. సీసాలో నీళ్ళు కనీసం ఒకసారి అయిపోయి ఉండాలి. ఇంకా సగం ఉన్నాయంటే మీరు చాలినంత తాగలేదు. మడమ దగ్గర ఎక్కడైనా చురుక్కుమంటోందా? ఇప్పుడే చెప్పు విప్పి చూడండి. ఎర్రబడిన దశలో ఒక ప్లాస్టర్ వేస్తే చాలు, బొబ్బ లేచాక రోజంతా కుంటాల్సిందే.

5. పూర్ణా మార్కెట్ మీదుగా జగదాంబకి, అక్కడ ఆపేయండి

కొండ దిగి మెయిన్ రోడ్డు పట్టుకుని టౌన్ కొత్తరోడ్డు, పూర్ణా మార్కెట్ మీదుగా జగదాంబ జంక్షన్ వైపు నడవండి. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు, పళ్ళు, ఎండు చేపలు, కిరాణా అన్నీ ఉంటాయి. వేసవిలో తాటి ముంజలు, చలికాలంలో తేగలు కనిపిస్తే కొనుక్కోండి. మాడుగుల హల్వా ఊరికి పట్టుకెళ్ళాలనుకుంటే ఇప్పుడు కొనకండి, రోజంతా మోయాలి. తిరుగు ప్రయాణం రోజున కొనుక్కోండి. ఈ దారి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, రద్దీ ఎక్కువ, జేబులు జాగ్రత్త.

పదిన్నర, పదకొండుకి టిఫిను, ఆ తర్వాత గదికి. మూడున్నర దాకా బయటికి రాకండి. ఇది సోమరితనం కాదు, ఈ నడకలో ఇదొక అంచె. మూడేళ్ళ క్రితం కర్నూలు నుంచి మా బావగారి కుటుంబం వచ్చినప్పుడు, వాళ్ళకి ఉన్నది ఒక్క రోజే కదా అని నేను మధ్యాహ్నం కూడా నడిపించాను. వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప రెండింటికి బీచ్ రోడ్డు మీద వాంతి చేసుకుని తూలిపోయింది. నీడలో పడుకోబెట్టి, తడి తువ్వాలు వేసి, ఓఆర్ఎస్ తాగిస్తే గంటకి గానీ తేరుకోలేదు. ఆ గంటసేపు నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పిల్లలు అలిసిపోయామని చెప్పరు, ఉన్నట్టుండి కూలబడతారు.

గదిలో ఉండలేమంటే విశాఖ మ్యూజియానికి వెళ్ళండి, బీచ్ రోడ్డు మీదే ఉంది. నీడ, ఫ్యాను, మరుగుదొడ్డి ఉంటాయి.

6. సాయంత్రం సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని నడవండి

ఇది దారి తప్పకుండా ఉండటానికి సులువైన గుర్తు. కోస్టల్ బ్యాటరీ దగ్గర ఆటో దిగి వుడా పార్కు దాకా నడిస్తే సుమారు నాలుగు కిలోమీటర్లు. సముద్రం ఎప్పుడూ మీకు కుడివైపే ఉండాలి. ఎడమకి వచ్చిందంటే వెనక్కి నడుస్తున్నారన్నమాట. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ అనిపిస్తే కాళీ మాత గుడి దగ్గర మొదలుపెట్టండి, సగం తగ్గుతుంది. ఆ పక్కనున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్లే ఈ బీచ్‌కి ఆర్కే అనే పేరు వచ్చింది.

దారిలో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, ఇది మాత్రం వదలకండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002లో మ్యూజియంగా ఒడ్డుకి చేరింది. పొడవు 91 మీటర్లు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, వేళలు ముందే చూసుకోండి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదికి గుండ్రటి కంత గుండా వంగి దూరాలి. ముందు కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు. తల ముందు పెట్టినవాళ్ళకి బొప్పి ఖాయం. ఇరుకు చోట్లంటే ఊపిరాడనట్టు ఉండేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళొద్దు. వాళ్ళకి రోడ్డు అవతల టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, అది విశాలంగానే ఉంటుంది. దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం కూడా చూడండి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది ఈ నీళ్ళలోనే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దిగకండి. ఇక్కడ ఒడ్డు నుంచి నాలుగడుగులు వేసేసరికే లోతు వస్తుంది, కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింది ఇసుకని లాగేస్తుంది. స్నేహితులతో సరదాగా వచ్చి శవాలై తేలిన కుర్రాళ్ళ వార్తలు మేము చదువుతూనే ఉంటాం, ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. పాదాలు తడుపుకోవాలంటే ఇలా చేయండి:

- ఒడ్డున పది నిమిషాలు నిలబడి కెరటాలు చూడండి. తడి ఇసుక గీత ఎక్కడిదాకా ఉందో చూసి, ఆ గీత దగ్గరే ఆగండి.
- సముద్రానికి వీపు చూపించకండి. సెల్ఫీ కోసం వెనక్కి తిరిగినప్పుడే ఎక్కువమంది పడతారు.
- రెండు వైపులా నురగతో కెరటాలు విరిగి, మధ్యలో ఒకచోట మాత్రం నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తే, అదే ప్రమాదమైన చోటు. నీళ్ళు లోపలికి లాగేది అక్కడే.
- ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. లైఫ్‌గార్డుల్ని, దగ్గరున్న జాలర్లని పిలవండి. తాడో, ఖాళీ డబ్బానో విసరండి.

నీళ్ళలో ఆడుకోవాలనే ఉంటే రుషికొండకి వెళ్ళండి, అదీ లైఫ్‌గార్డులున్న హద్దులోనే. రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది, కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. రెండో రోజు ఉంటే అదే బస్సులో చివరిదాకా వెళ్ళి, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు నడిచి చూడొచ్చు.

7. రోజు సరిగ్గా గడిచిందో లేదో చూసుకోండి

వుడా పార్కు దగ్గర ఎక్కడైనా కూర్చుని ఫోను పక్కన పెట్టండి. ఒక కాగితం మీద, చూడకుండా, నాలుగు గుర్తులు పెట్టండి: హార్బరు, యారాడ కొండ, జగదాంబ, మీరున్న చోటు. సముద్రం గీత కూడా గీయండి. ఇప్పుడు మ్యాపు తెరిచి పోల్చుకోండి. నాలుగూ దాదాపు సరైన వరసలో ఉంటే ఊరు మీకు అందినట్టే, రేపు ఎవరినీ అడక్కుండా తిరగగలరు. జగదాంబ ఎక్కడుందో తేలకపోతే మధ్యలో ఆటో ఎక్కువ వాడారన్నమాట. రేపు పొద్దున్న జగదాంబ నుంచి బీచ్ దాకా ఒక్కసారి నడవండి, సరిపోతుంది.

గదికి వెళ్ళాక పాదాలు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టండి. ఉప్పు, ఇసుక ఉండిపోతే రెండో రోజు ఒరుసుకుంటుంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటే పడుకునేలోపు ఇంకో లీటరు నీళ్ళు నెమ్మదిగా తాగండి.

ఇక అందరూ అడిగే ఆఖరి ప్రశ్న: "సూర్యాస్తమయానికి ఏ బీచ్ మంచిది?" మన తీరం తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. సముద్రంలో మునిగే సూర్యుడి కోసం ఆర్కే బీచ్‌లో ఎదురుచూడకండి. దాని బదులు వీలైతే పౌర్ణమి చూసుకుని రండి. ఆ సాయంత్రం మీ వెనక పొద్దు గుంకే వేళకి, ఎదురుగా నీళ్ళ అంచు మీద రాగి పళ్ళెంలా చంద్రుడు పైకొస్తాడు. మొదట మసకగా, దుమ్ము పట్టినట్టు ఉంటాడు. పావుగంట ఆగండి. ఒడ్డు దాకా నీళ్ళ మీద వెలుగు దారి పడుతుంది, దూరంగా లంగరేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ పావుగంట ఆటో ఎక్కకండి.